నాలుగో భుజం

కెజిరోని పద్నాలుగేళ్ళుగా ఇల్లు కడుతూనే ఉన్నాడు. గోడలు నడుం ఎత్తుకి వచ్చి ఆగిపోయాయి. మొదటిసారి ఇటుకలు కాల్చిన ఏడాది వాగు మీద వంతెన కొట్టుకుపోయింది, ఇటుకలన్నీ దాని కాళ్ళకి పోయాయి. మళ్ళీ కాల్చాడు. ఆ ఏడు వానలకి ప్రార్థన మందిరం వెనక గోడ కూలింది, అవి అక్కడికి పోయాయి. మూడోసారి కాల్చినవి మాత్రం ఎవరూ అడగకముందే గబగబా కట్టేశాడు కాబట్టి ఆ నడుం ఎత్తయినా లేచింది. ఆ గోడల మధ్య అతని భార్య మిరికా గుమ్మడి పాదు పెట్టింది. కాపు బ్రహ్మాండంగా కాసేది.

"పరలోకంలో నాకు భవనం ఉందంట," అనేది మిరికా, పాత ఇంట్లో చూరు కారే చోట కుండ పెడుతూ. "ఇక్కడ మాత్రం ఈ కుండ జరుపుకుంటూ పడుకోవాలి."

"జరుపుకో. ఇంకెంత, కొద్దికాలమే కదా."

"నీ కొద్దికాలానికి ముప్పై రెండేళ్ళు నిండాయయ్యా."

ముప్పై రెండేళ్ళంటే కెజిరోని రక్షణ పొందిన నాటి నుంచి లెక్క. అంతకుముందు ముహింగో కొండ మీద అంతటి తాగుబోతు లేడు. రక్షణ పొందిన మర్నాడు పొద్దున్నే ఇంటింటికీ తిరిగి తన తప్పులు ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. ఒకరి గొడ్డలి తిరిగిచ్చాడు. తొమ్మిదేళ్ళ కిందట దొంగిలించిన కోడికి బదులు ఇంకో కోడిని పట్టుకెళ్ళాడు. కోడి యజమాని అప్పటికే చనిపోయాడు. అతని కొడుకు ఆ కోడిని అటూ ఇటూ తిప్పి చూసి, "మా నాన్న ఆ కోడి కోసం మా అమ్మని కొట్టాడు, తెలుసా?" అన్నాడు. కెజిరోని వెళ్ళి ఆ తల్లికి కూడా క్షమాపణ చెప్పాడు. కొండ మీద రక్షణ పొందినవాళ్ళందరూ ఇంతే. పొద్దుగూకేలోపు తగవు తేల్చుకోవాలంటారు. రేపు ఎవరెక్కడ ఉంటారో తెలియదు, పరలోకంలో పక్కపక్కన కూర్చోవలసి వస్తే ఇబ్బందిగా ఉంటుందంటారు. వినడానికి నవ్వొస్తుంది. అలాంటివాళ్ళ పక్కింట్లో ఉంటే మాత్రం నిశ్చింతగా నిద్ర పడుతుంది.

అలాగని కెజిరోని దేవదూతేమీ కాదు. అల్లిక విషయంలో మహా గర్వం. బుట్టలూ చాపలూ ఎవరైనా అల్లుతారు, డోలీ అల్లాలంటే మాత్రం ఈ చుట్టుపక్కల కొండల్లో తనే అనుకునేవాడు. అది నిజం కూడా. అడవి తీగల్ని ఏటి నీళ్ళలో నానబెట్టి, పడవలా లోతుగా అల్లి, రెండు వెదురు బొంగులకి బిగించేవాడు. ఎవడైనా పక్క గ్రామం డోలీని మెచ్చుకుంటే ఆ పూట అతను సరిగా మాట్లాడేవాడు కాదు.

కిగేజి కొండల మీద డోలీ లేనిదే బతుకు లేదు. రోడ్డుకి దిగడానికి నాలుగు గంటలు పడుతుంది, అక్కణ్ణించి బండి దొరికితే ఆస్పత్రి. కాన్పు కష్టమైనా, కాలు విరిగినా, చివరికి చచ్చిపోయినా డోలీయే. అందుకే ప్రతి కొండకీ డోలీ సంఘం ఉంటుంది. కొమ్ము బూర ఊదితే చేతిలో పని చేతిలో వదిలేసి ఇంటికో మగవాడు రావాలి. మూడుసార్లు రానివాణ్ణి కుటుంబంతో సహా వెలివేస్తారు, ఇక వాళ్ళని ఎవరూ మోయరు. మెత్తని మనసువాడెవడైనా జాలిపడి వెలిపడ్డవాణ్ణి మోస్తే వాడికీ అదే శిక్ష. ఈ రెండో నియమం లేకపోతే సంఘం నిలవదని పంతొమ్మిదేళ్ళ కిందట లేచి చెప్పినవాడు కెజిరోనియే.

అలా వెలిపడ్డవాడు ఒకే ఒక్కడు, రుతారో. ఆలుగడ్డల వ్యాపారి. బూర ఊదితే అటక ఎక్కి దాక్కునేవాడు. "పోయేవాడు ఎలాగూ పోతాడు. లారీ వెళ్ళిపోతే నా ఆలుగడ్డలు ఎవడు కొంటాడు?" అని నవ్వేవాడు. మూడోసారి అతను అటక ఎక్కిన రోజు డోలీలో ఉన్నది పక్క చేను అతను. దారిలోనే పోయాడు. నెల తిరక్కుండా రుతారో ఆ ఇంటి విధవరాలు తొఫాసి చేను గట్టు మీద హద్దు మొక్కల్ని పీకి, ఏడడుగులు లోపలికి జరిపి నాటుకున్నాడు. ఆ తర్వాత కొండ మీద అతనితో మాట్లాడేవాళ్ళే తగ్గిపోయారు. అతనికి అదీ సౌకర్యంగానే ఉన్నట్టుండేది.

ఇక మిరికా సంగతి. ఆమెకి గుండె జబ్బు. కాళ్ళు వాచేవి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. అప్పటికే రెండుసార్లు డోలీలో దించారు. ఊపిరి అందకపోతే ఆ రోజే తీసుకురావాలి, మర్నాడు తెస్తే లాభం లేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కూతుళ్ళిద్దరూ దూరం కొండల మీద కాపురాలు చేసుకుంటున్నారు. కాబట్టి ఆమె ప్రాణం ఆ కొండ మీది మగవాళ్ళ భుజాల మీద ఆధారపడి ఉంది. కెజిరోని తన ప్రాణాన్ని ప్రభువుకి ఏనాడో ఇచ్చేశాడు, అందులో అతనికి బెంగ లేదు. మిరికా ప్రాణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇవ్వడానికి చెయ్యి రాదు. ఈ మాట అతను శుక్రవారాల సహవాసంలో, రక్షణ పొందినవాళ్ళ కూటంలో, ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఒకరోజు పొద్దున భార్యాభర్తలు ఉడికించిన చిలగడదుంపలు తింటుంటే రుతారో భార్య పరుగెత్తుకొచ్చింది. వాకిట్లోనే మోకాళ్ళ మీద కూలబడింది. రాత్రి నుంచి రుతారోకి పేగు బిగిసిపోయింది, పొట్ట రాయిలా ఉంది, నీళ్ళు కూడా లోపల నిలవడం లేదు.

"ఇద్దరు కొడుకులున్నారు, మా తమ్ముడొచ్చాడు. మూడు భుజాలున్నాయన్నా. నాలుగోది లేదు. డోలీ కూడా నీ ఇంట్లోనే ఉంది."

కెజిరోని చేతిలో దుంప అలాగే ఉండిపోయింది. "నువ్వు పద చెల్లీ, ఆలోచించి చెప్తా," అన్నాడు. ఆమె లేచి వాకిలి అవతల నిలబడింది. వెళ్ళలేదు.

"డోలీ ఇచ్చెయ్యి," అంది మిరికా.

"ఇస్తాను. మోయలేను."

"ముగ్గురు ఎలా మోస్తారు?"

"మిరికా, నియమం నీకు తెలీదా? నేను భుజం పెడితే మనింటిని వెలివేస్తారు. ఆ నియమం పెట్టిందే నేను. రేపు నీకు ఆయాసం వస్తే ఎవరొస్తారు?"

మిరికా దుంప తొక్క తీస్తూ, "రాకపోతే పోతాను," అంది.

"అలాంటి మాటలనకు."

"ఏం, తప్పా? నేను పోతే ఎక్కడికి పోతానో నాకు తెలుసు. నీకూ తెలుసు. ప్రతి శుక్రవారం లేచి నిలబడి గొంతు పోయేలా చెప్తూనే ఉన్నావు. రుతారో పోతే ఎక్కడికి పోతాడు? విధవరాలి చేను చంకలో పెట్టుకుని ఆ తలుపు దగ్గరికి వెళ్తాడా? ఆయనకింకా టైం కావాలయ్యా. నాకు అక్కర్లేదు."

"నాకు కావాలి," అన్నాడు కెజిరోని. "నాకు నువ్వు కావాలి."

మిరికా తొక్క తీసిన దుంప అతని గిన్నెలో పెట్టింది. "నాకు తెలుసు," అంది. "ఆ బెంగ ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచుకున్నావని కూడా తెలుసు. కానీ మనం ఇన్నేళ్ళూ చెప్పింది ఉత్త మాట అయితే ఇంట్లో కూర్చో, నేనేమీ అనను. నిజమైతే లే. అక్కడ ఆవిడ ఎండలో నిలబడి ఉంది."

కెజిరోని లేచాడు. కోపంగానే లేచాడు. డోలీ దించుతూ బొంగులు రెండూ దబదబలాడించాడు.

మామూలుగా డోలీ వెంట ఇరవైమంది నడుస్తారు, పది నిమిషాలకోసారి భుజాలు మారతాయి. ఆ రోజు మారే భుజాల్లేవు. దారి పొడుగునా జనం చేలల్లో నిటారుగా నిలబడి చూశారు. ఎవరూ పలకరించలేదు. కెజిరోని పొట్టివాడు కాబట్టి దిగుడులో ఎప్పుడూ వెనక పట్టే అతనిది, రోగి తల పక్కన. సగం దారిలో రుతారో కళ్ళు తెరిచి అతన్ని చూసి, "నువ్వెందుకొచ్చావు?" అని అడిగాడు.

"నేను రానన్నాను. మా ఆవిడ పంపింది."

"ఎందుకు?"

"తన వంతు నీకిచ్చింది. నీకు టైం కావాలంట."

రుతారో కళ్ళు మూసుకున్నాడు. నొప్పి వల్లనో, ఇంకెందువల్లనో కెజిరోనికి తెలియలేదు. రోడ్డు చేరేసరికి అతని కుడి భుజం చర్మం లేచిపోయింది. మిరికా ఆ రాత్రి దానికి వెన్న రాస్తూ, నొప్పిగా ఉందా అని అడగలేదు. బాగా మోశావు అంది.

రుతారో పొట్ట కోసి బాగుచేశారు. బతికాడు.

శనివారం సంఘం కూర్చుంది. అధ్యక్షుడు ఎరినేయో కెజిరోని ఈడువాడే, చిన్నప్పుడు ఇద్దరూ కలిసి మేకలు కాశారు. అతను లేచి, ఇటు చూస్తే నేస్తం, అటు చూస్తే నియమం, చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. ఆ సంఘంలో ఓటంటే చేతులెత్తడం ఉండదు, వరసలో నిలబడాలి. వెలివేయాలన్నవాళ్ళు మామిడిచెట్టు వైపు, వద్దన్నవాళ్ళు గోడ వైపు అన్నాడు. ఎవరూ కదల్లేదు. అందరికంటే ముందు కెజిరోని లేచి వెళ్ళి మామిడిచెట్టు వైపు నిలబడ్డాడు.

"ఒరే, నీకు మతి పోయిందా? నిన్ను వెలివేసే వరస అది," అన్నాడు ఎరినేయో.

"తెలుసు. ఆ నియమం మంచిదే. నాకొక్కడికి సడలిస్తే రేపు అందరూ సడలించమంటారు, ఎల్లుండి బూర ఊదితే ఎవడూ రాడు."

ఒక్కొక్కరే లేచి తల వంచుకుని అతని వెనక నిలబడ్డారు. ఏడాది వెలి. ఆ తర్వాత సంఘానికి ఒక కుండ జొన్న అంబలి పోసి మళ్ళీ చేరవచ్చు, రుతారో ఆ పని ఏనాడూ చెయ్యలేదు. ఎరినేయో ఆ తీర్పు చెప్పి, మిరికా వైపు చూడలేక నేల చూశాడు.

"ఏడాదే కదా అన్నా," అంది మిరికా. "ఉంటే అంబలి నేనే కాస్తాను. లేకపోతే నేను వెళ్ళేచోటికి డోలీ అక్కర్లేదులే."

ఎవరూ నవ్వలేదు. ఆమె ఒక్కతే నవ్వి, నవ్వినందుకు ఆయాసపడింది. డోలీని ఎరినేయో ఇంటికి మార్చారు. కెజిరోని ఇంకోటి అల్లుకోలేదు. మోసే భుజాలు లేనప్పుడు డోలీ ఉండి మాత్రం ఏంచేస్తుంది?

ఆ తర్వాతి ఏడు నెలలూ కెజిరోనికి మంచి రోజులు. ఈ మాట అతనే తర్వాత చెప్పాడు. ఇంటి గోడల జోలికి పోలేదు. ఆలుగడ్డల చేను సగమే వేశాడు. పొద్దున పనంతా మానుకుని గుమ్మడి పాదు దగ్గర చాప పరిచి మిరికాని కూర్చోబెట్టి, పక్కన బుట్టలు అల్లుకునేవాడు. ఆమె చిక్కుడు గింజలు ఒలిచేది. పోట్లాడుకునేవాళ్ళు కూడా. తను ముందు పోతే కెజిరోని మళ్ళీ పెళ్ళి చేసుకోవాలా వద్దా అన్నదాని మీద రెండు రోజులు పోట్లాడుకున్నారు. చేసుకోవాలని ఆమె, చేసుకోనని అతను. పొద్దుగూకేలోపు తేల్చుకోవలసిన నియమం ఉంది కాబట్టి చివరికి ఆ ఊసే ఎత్తకూడదని ఒప్పందానికి వచ్చారు.

రుతారో కోలుకున్నాక ఒక కోడిని పట్టుకొచ్చాడు. ఆదివారాలు మందిరంలో వెనక బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పాటలు కూడా అందుకునేవాడు. తొఫాసి గట్టు మాత్రం అతను జరిపిన చోటే ఉంది.

ఎనిమిదో నెలలో, ఆలుగడ్డలు తవ్వే రోజుల్లో, ఒక పొద్దున మిరికా పెదాలు నల్లబడ్డాయి. కూర్చుంటే ఊపిరి లేదు, పడుకుంటే అసలే లేదు. కెజిరోని ఆలోచించలేదు. తల్లులు పిల్లల్ని కట్టుకున్నట్టు ఆమెని దుప్పటితో వీపుకి కట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. యాభై ఎనిమిదేళ్ళవాడు, నాలుగు గంటల దారి.

"పెళ్ళప్పుడు నీ తమ్ముళ్ళు మోసుకొచ్చారు నన్ను," అంది మిరికా అతని చెవి దగ్గర, ఒక్కో మాటకీ ఆగుతూ. "ఇంతకంటే నయంగా మోశారు."

"అప్పుడు నువ్వు ఇంత బరువు లేవు."

ఎరినేయో తన చేలో తవ్వుతున్నాడు. వాళ్ళని చూసి పార పట్టుకునే దారి మీదకి వచ్చాడు. ముట్టుకోలేదు. వెనకాలే నడిచాడు. తర్వాతి చేలోంచి ఇద్దరు వచ్చారు. వాళ్ళూ ముట్టుకోలేదు. మూడు మలుపులు తిరిగేసరికి ఇరవైమంది, చేతులకి మట్టితో కెజిరోని వెనక నడుస్తున్నారు. అతని మోకాళ్ళు వణకడం అందరికీ కనపడుతోంది. నాలుగో మలుపు దగ్గర రాయి మీద కాలు జారి ఒంటి మోకాలి మీద పడ్డాడు.

ఎరినేయో ఆగిపోయాడు. పార నేలకేసి కొట్టాడు.

"నేను మోస్తాను," అన్నాడు. "నన్ను వెలివేసుకోండి."

"నేనూ మోస్తాను," అన్నాడు ఇంకొకడు.

"అందరం మోద్దాం. అందరం వెలిపడదాం. వెలివేయడానికి ఎవడూ మిగలడుగా. శనివారం కొత్త సంఘం పెట్టుకుందాం," అన్నాడు ఎరినేయో. ఇంత తేలిక ఉపాయం ఏడు నెలలు తట్టనందుకు తన మీద తనకే ఒళ్ళు మండి, అక్కడున్నవాళ్ళందరినీ తిట్టాడు. కాళ్ళ బలం ఉన్నవాళ్ళు పైకి పరుగెత్తి డోలీ తెచ్చారు. మిరికాని అందులో వెనక్కి ఆనించి కూర్చోబెట్టారు. కెజిరోని దిగుడులో తన పట్టు తనే పట్టుకున్నాడు, వద్దన్నా వినలేదు.

కింద మలుపులో రుతారో ఎదురొచ్చాడు. పరుగెత్తుకుంటూ వచ్చి, ముందున్నవాణ్ణి తప్పించి తన భుజం పెట్టాడు. నాలుగడుగులు పడ్డాయో లేదో, మిరికా చెయ్యెత్తింది. ఆగారు.

"రుతారో, తొఫాసి గట్టు ఏంచేశావు?"

రుతారో అలాగే బొంగు కింద నిలబడి ఉన్నాడు. అబద్ధం చెప్పలేదు, అది అతని మంచితనం. "చేద్దామనే వదినా. ఈ ఆలుగడ్డలు తవ్వేశాక…"

"నా వంతు టైం నీకిచ్చాను కదయ్యా," అంది మిరికా. కోపంగా అనలేదు, బతిమాలినట్టు అంది. "ఆలుగడ్డలకి ఇవ్వలేదు."

అతని ముఖం చూడలేకపోయారు ఎవరూ. "నిన్ను మోస్తాను వదినా. నిన్ను దించాక వెళ్ళి…"

"నన్ను మొయ్యడానికి వీళ్ళంతా ఉన్నారు. నువ్వెళ్ళు. ఇప్పుడే వెళ్ళు."

ఎరినేయో తన భుజం అతని స్థానంలో పెట్టి, పార అతని చేతికిచ్చాడు. రుతారో ఏడుస్తూ కొండ ఎక్కాడు, వెనక్కి తిరిగి చూడలేదు. మిరికా అతను మలుపు తిరిగేదాకా చూసింది.

"ఇక నడవండి," అంది.

నడిచారు. ఎవరో పాట ఎత్తుకున్నారు, అడుగు కుదరడానికి పాడే పాట. మిరికా తల కెజిరోని చేతి మీద ఆనుకుంది. కాసేపు ఆమె వేళ్ళు అతని మణికట్టు మీద పాటకి తాళం వేశాయి. వాగు దాటాక తాళం ఆగింది. కెజిరోని ఆమె ముఖం చూశాడు. పంతొమ్మిదేళ్ళుగా వెనక పట్టు పట్టినవాడు, అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అతను ఏమీ అనలేదు. అంటే పాట ఆగుతుంది, డోలీ దించుతారు, రాళ్ళ దారి మధ్యలో ఆమెని నేల మీద పెడతారు. ఆమెని బతికించడానికి ఇంతమంది భుజం పెట్టడం ఇదే ఆఖరిసారి. అది మధ్యలో ఆగడం అతనికి ఇష్టం లేకపోయింది. ఆమె ఎక్కడికి వెళ్ళిందో అతనికి తెలుసు, ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు. అయినా కళ్ళ నీళ్ళు ఆగలేదు, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. చెమటనుకున్నారు పక్కవాళ్ళు. ఇంకో గంటన్నర అలాగే నడిచాడు, అడుగు తప్పకుండా, పాట అందుకుంటూ.

రోడ్డు కనపడింది. దూరంగా వస్తున్న లారీని చూసి ఎరినేయో, "పరుగెత్తండి, ఆపండి దాన్ని," అని అరిచాడు.

"తొందర లేదు," అన్నాడు కెజిరోని.